బోర్డు మీద లేని పేరు

మాస్టారు మొదటిసారి తమ ఇంటికి వచ్చినప్పుడు డ్రైవరు ఇంట్లో లేడు. ఉండి ఉంటే సంగతులన్నీ వేరేలా నడిచేవని అతను చాలాకాలం అనుకున్నాడు. నిజానికి ఏమీ మారేది కాదు. అయినా అలా అనుకుంటే మనసుకి కాస్త ఊరటగా ఉండేది.

ఆ రోజు కంట్రాక్టరుగారిని క్వారీకి తీసుకెళ్ళి, తిరిగి ఇంటికి చేర్చి, కారు కడిగి తాళాలిచ్చి వచ్చేసరికి సాయంత్రం ఆరయింది. ముందుగదిలో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కాళ్ళు మాత్రం ఆడడం లేదు. వీధివైపు గోడకేసి చూస్తూ ఉంది.

"ఇక్కడ బోర్డు పెడతారటండీ," అంది.

"ఏం బోర్డు?"

"మాస్టారు వచ్చి వెళ్ళారు. మేయరుకి నిలబడుతున్నారుగా. ఎవరు ఎంత చందా ఇచ్చారో పేర్లతో సహా వీధి వీధికీ బోర్డు మీద రాయిస్తారట. ఎవరూ ఒక్కరోజు సంపాదన కంటే ఎక్కువ ఇవ్వకూడదట. మన వీధికి మన గోడ బాగుంటుందన్నారు. చందాలు వసూలు చేసి రాసే పని నన్ను చూడమన్నారు."

"నిన్నా?"

ఆ ఒక్క మాటను అతను ఎలా అన్నాడో అతనికి గుర్తులేదు. ఆమెకు గుర్తుంది.

వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అంటారు. రెండు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళయిన కొత్తలో రోజూ సాయంత్రం "ఇవాళ ఎక్కడికెళ్ళారు?" అని అడిగేది. "ఎక్కడికో" అనేవాడు డ్రైవరు. కారులో విన్నది కారులోనే వదిలేయాలన్నది అతని నియమం. పదకొండేళ్ళుగా ఆ ఉద్యోగం నిలబడింది ఆ నియమం మీదే. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడతను.

మాస్టారు ఊళ్ళోని పెద్దబడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పాత మేయరు అప్పటికి మూడుసార్లుగా ఆ కుర్చీలోనే పాతుకుపోయి ఉన్నాడు. రోడ్డు వేసేది కంట్రాక్టరు, తినేది మేయరు, పడేది మనం అని ఊళ్ళో నవ్వుకునేవారు. కాలువ మీద కొత్త వంతెన కట్టిన ఏడాదికే నడుమ బీటలు తీసింది. రెండేళ్ళుగా దానికి అడ్డంగా డ్రమ్ములు పెట్టి ఉన్నాయి. బడిపిల్లలు మైలు దూరం చుట్టూ తిరిగి వెళ్తున్నారు. అది కట్టింది డ్రైవరు యజమానే. "మీ బాబుగారి వంతెన ఎలా ఉంది బాబాయ్?" అని వీధిలో ఎవరైనా వేళాకోళం చేస్తే అతను కూడా నవ్వేసేవాడు. జీతం తింటున్నవాడు ఇంకేం చేస్తాడు?

బోర్డు వచ్చింది. నల్లరంగు వేసిన రేకు, మూడు అడుగుల వెడల్పు. ఆమె సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో పేర్లు రాసేది. మొదట తన పేరే రాసుకుంది. తర్వాత గడియారాలు బాగుచేసే తాతయ్యది, ఎదురింటి వదినది, పాలబూతు వాళ్ళది. పక్షం రోజుల్లో రేకు నిండిపోయింది. సాయంత్రాలు జనం ఆగి, తమ పేరు చదువుకుని, పక్కవాడి పేరు పక్కనున్న అంకె కూడా చదువుకుని వెళ్ళేవారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఒకరోజు వీధి చివర మీటింగులో మైకు ఆమె చేతికిచ్చారట మాస్టారు. వంతెన గురించి చెప్పమన్నారట. ఆమె చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ సంగతి డ్రైవరుకు భార్య చెప్పలేదు. పెట్రోలు బంకులో పనిచేసేవాడు చెప్పాడు. "మీ ఆవిడ అంతలా మాట్లాడుతుందని తెలియనే తెలీదన్నా!"

డ్రైవరుకు కూడా తెలియదు. తెలియకపోవడమే అతన్ని కాల్చింది.

ఇక ఇంట్లో ఎప్పుడు చూసినా మాస్టారే. మాస్టారు అలా అన్నారు, మాస్టారు ఇలా అన్నారు. అన్నం వడ్డిస్తూ అదే మాట, బట్టలు మడతపెడుతూ అదే మాట. ఇంతకాలం మూగగా ఉన్న ఇంట్లోకి మాటలొచ్చాయి. అన్నీ పరాయివాడి గురించే. ఆయనకు అరవై మూడేళ్ళు, సగం బట్టతల, మోకాళ్ళ నొప్పి. ఆ విషయాలన్నీ డ్రైవరు తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. భార్య తప్పుగా నడిచే మనిషి కాదని కూడా తెలుసు. అయినా కడుపులో మంట తగ్గలేదు. ఆమె ఎవరితోనో వెళ్ళిపోతుందేమోనన్న భయం కాదది. తన దగ్గర ఎప్పుడూ చూడని వెలుగు ఆమె మొహంలో ఇంకొకరి పేరు ఎత్తగానే వస్తోంది. అదీ బాధ.

ఒకనాడు ఆమె గట్టి ఖాకీ బట్టతో సంచీ కుడుతోంది. పట్టీలకు రెండు వరసలు కుట్టు వేసింది, మూలలకు అడ్డకుట్టు వేసింది. కలకాలం ఉండాలనుకున్నవాటికే ఆమె అలా కుడుతుంది.

"ఎవరికి?" అన్నాడు తెలిసి కూడా.

"మాస్టారుకి. కాగితాలన్నీ చేతుల్లో పట్టుకుని తిరుగుతున్నారు, పాపం."

"నా చొక్కా జేబు ఊడి నెల దాటింది."

"అయ్యో, ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల పని," అంటూ నిజంగానే చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. ఆ ఊడిన జేబుతోనే ఇంకో నెల తిరిగాడు. కనిపించాలనే తిరిగాడు.

ఇంకోరోజు సంతలో మాస్టారు వేసుకునేలాంటి తెల్ల పొడుగుచేతుల చొక్కా కనిపిస్తే కొన్నాడు. ఎందుకు కొన్నాడో దారిపొడవునా తనకే అర్థం కాలేదు. వేసుకుని వచ్చి ముందుగదిలో నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసి పకపకా నవ్వింది. "ఏంటండీ ఇది? మీరూ పోటీ చేస్తున్నారా?" ఆమె నవ్వులో ఎగతాళి లేదు, సరదాయే. కానీ అతనికి తల తీసేసినట్టయింది. ఆ చొక్కా కారు తుడిచే గుడ్డ అయింది.

"అందరూ ఒకటేనే," అన్నాడు ఆ రోజు భోజనం దగ్గర. "కుర్చీ ఎక్కేదాకే ఈ బోర్డులూ సుద్దముక్కలూ. నేను కారులో రోజూ చూస్తున్నాను."

"చూస్తే చెప్పండి. ఏం చూశారు?"

అతను కంచంలో మజ్జిగ పోసుకున్నాడు.

"అందరూ ఒకటే అనుకుంటే మీకు నిద్ర బాగా పడుతుంది," అంది ఆమె మెల్లగా. "ఆ వంతెన కట్టినాయన కారు నడపడానికి ఇబ్బందుండదు."

అతని కోపమంతా వెళ్ళి మాస్టారు మీదే పడింది. ఈ మాటలు ఆమెకు నేర్పింది ఆయన కాక ఇంకెవరు?

ఎన్నికలు పన్నెండు రోజుల్లో ఉన్నాయనగా, గురువారం మధ్యాహ్నం కంట్రాక్టరు కారెక్కి, "ఐసు ఫ్యాక్టరీ వెనక్కి పోనీ," అన్నాడు. అక్కడ గోడవార నీడలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాకీ సంచీ. పట్టీలకు రెండు వరసల కుట్టు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. మాస్టారు వెనక సీట్లో కంట్రాక్టరు పక్కన కూర్చున్నారు. డ్రైవరుకు చెవులుంటాయని పెద్దమనుషులు ఎప్పుడూ అనుకోరు. కారు ఊరి బయటి రోడ్డెక్కింది.

"దాపరికం ఎందుకు మాస్టారూ, పాతాయనకి కూడా ఇచ్చాను," అన్నాడు కంట్రాక్టరు. "ఎవరు గెలిచినా నా మీద కోపం ఉండకూడదు. అంతే నా కోరిక."

"నేను మీకేమీ చేసిపెట్టను. ఆ సంగతి ముందే చెప్తున్నా."

"వద్దండీ, నేనేం అడిగాను? వంతెన మీద విచారణ వేస్తానని మీటింగుల్లో అంటున్నారు. అనండి. జనానికి అది కావాలి. గెలిచాక మాత్రం మరీ తొందరపడకండి. ఏ పనికైనా టైము పడుతుంది కదా."

మాస్టారు ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. కాగితం చుట్టిన పొట్లం ఒకటి కంట్రాక్టరు చేతిలోంచి సీటు మీదికి, సీటు మీదినుంచి ఖాకీ సంచీలోకి వెళ్ళింది.

కంట్రాక్టరు తన ఆఫీసు దగ్గర దిగిపోయి, "మాస్టారుని ఎక్కడ చెబితే అక్కడ దింపు," అన్నాడు. రైలు గేటు అవతల ఖాళీ సందులో ఆపమన్నారు మాస్టారు. దిగబోతూ ఆగి, ముందుకు వంగారు.

"మీరు మిషనమ్మగారి భర్త కదూ?"

"అవునండి."

ఆయన సంచీ ఒళ్ళోకి లాక్కున్నారు. తర్వాత గబగబా చెప్పుకుపోయారు. "పోలింగు రోజు ప్రతి బూతులోనూ మన మనుషులు కూర్చోవాలి బాబూ. కూర్చోకపోతే పాతాయన వాళ్ళు పెట్టెలు వాళ్ళే నింపుకుంటారు. పోయినసారి అదే జరిగింది. మనవాళ్ళకి బళ్ళు కావాలి, తిండి కావాలి. వీధుల్లో వచ్చింది మైకు బండి పెట్రోలుకే సరిపోయింది. నేనేం చెయ్యను? ఓడిపోయి మంచివాణ్ణి అనిపించుకోనా?"

డ్రైవరు స్టీరింగు మీద చేతులు తీయకుండా ఎదురుగా చూస్తున్నాడు.

"ఆవిడకి చెప్పకండి. కనీసం ఎన్నిక అయ్యేదాకా." కొంచెం ఆగి అన్నారు, "ఆవిడ మీటింగుల్లో మీ గురించి ఎంత గొప్పగా చెబుతుందో తెలుసా? మీకు తెలీదనుకుంటాను."

నోరు కట్టేయడానికి ఈ ఎర వేస్తున్నాడన్నమాట, అనుకున్నాడు డ్రైవరు. ఆ మాటను ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

ఖాళీ కారు తోలుకుంటూ వెనక్కి వస్తుంటే అతనికి ఒళ్ళంతా తేలికైపోయింది. నెలలనుంచి కాలుతున్న మంట మీద ఎవరో బిందెడు చల్లటినీళ్ళు గుమ్మరించినట్టయింది. ఊరు ఏమైపోతుంది, వంతెన ఏమవుతుంది, అలాంటి ఆలోచన ఒక్కటీ రాలేదు. ఆయనా ఇంతే, ఆయనా ఇంతే అని ఇంజను పాడుతున్నట్టే వినిపించింది.

ఇంటికెళ్ళి వెంటనే చెప్పలేదు. రెండు రోజులు దాచుకున్నాడు. ఆమె మాస్టారు పేరెత్తినప్పుడల్లా తలూపుతూ విన్నాడు, మారు వడ్డించుకుని తిన్నాడు. "ఏంటీ ఈమధ్య హుషారుగా ఉన్నారు?" అందామె. "ఏం, ఉండకూడదా?" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె కాగితం పట్టుకుని మిషను చుట్టూ తిరుగుతూ ఏదో చదువుకుంటోంది. సాయంత్రం మైదానంలో పెద్ద మీటింగు. వేదిక మీద ఆమె కూడా మాట్లాడాలి.

"ఏవండీ, ఇవాళ సెలవేగా. ఒక్కసారి రండి," అంది. "ఇన్ని మీటింగులయ్యాయి, ఒక్కటీ వినలేదు మీరు. మీరు ముందువరసలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆమె అతన్ని ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో. వస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ దాని వెనకనుంచి రెండో మాట తోసుకొచ్చింది.

"వస్తాలే గాని, ముందు ఇది విను."

చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీ, నీడలో నిలబడ్డ మనిషి, వెనకసీటు, పొట్లం, వంతెన మాట, మౌనం. ఒక్కటీ వదలకుండా, ఒక్కటీ కల్పించకుండా చెప్పాడు. పదకొండేళ్ళలో కారులో విన్నది ఇంట్లో చెప్పడం అదే మొదలు. సంచీ దగ్గరికొచ్చేసరికి "నువ్వు కుట్టిన సంచీలోనే" అని ఒకసారి చెప్పి, మళ్ళీ ఇంకోసారి చెప్పాడు.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు చేసింది.

"ఏ రోజు?"

"గురువారం. మధ్యాహ్నం రెండింటికి."

"విచారణ తొందర వద్దంటే ఆయన ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. అదే చెప్తున్నా. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు."

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"మరి మీరెందుకు నవ్వుతున్నారు?"

తను నవ్వుతున్నట్టు అతనికి అప్పటిదాకా తెలియదు. పెదాల మీద చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వు అక్కడే ఉంది.

"పదండి," అని చెప్పులేసుకుంది ఆమె. "ఇదే ఆయన ముందు చెప్పండి."

మాస్టారి ఎన్నికల ఆఫీసు ఒకప్పుడు చెప్పుల దుకాణం. గోడలకు ఇంకా ఖాళీ అరలున్నాయి, వాటినిండా కరపత్రాల కట్టలు. మాస్టారు డ్రైవరుని చూడగానే విషయం గ్రహించారు. గదిలో ఉన్నవాళ్ళను కాసేపు బయట కూర్చోమన్నారు. డ్రైవరు నోరు విప్పాల్సిన అవసరం రాలేదు.

"నిజమేనమ్మా," అన్నారాయన. "ఆయన చెప్పింది నిజమే."

"అయితే బోర్డు మీద రాయనా?" అంది ఆమె.

"ఏంటి?"

"ఇచ్చినవాళ్ళ పేర్లన్నీ రాయమన్నారు కదండీ. గడియారాల తాతయ్య ఇచ్చింది రాశాను. ఇది కూడా రాస్తాను. ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో సాయంత్రం మైకులో మీరే చెప్పండి. కొందరు తిడతారు. కొందరికైనా అర్థమవుతుంది. మీరు చెబితే నేను మీ పక్కనే నిలబడతాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈయన ఇప్పుడు సరేనంటే, అనుకున్నాడు డ్రైవరు. సరేనంటే ఈమె దృష్టిలో ఇంకా పెద్దవాడైపోతాడు. అనకూడదు. అనకూడదు దేవుడా, అనుకున్నాడు. తన మనసులో ఆ మాట వినగానే తనకే భయం వేసింది.

"రాస్తే అంతా మునిగిపోతుందమ్మా," అన్నారు మాస్టారు. "ఒక్క పది రోజులు ఓర్చుకో. గెలిచాక అన్నీ సరిదిద్దుకుందాం."

"గెలిచాక తొందరపడొద్దన్నారటగా," అంది ఆమె.

చందా రసీదు పుస్తకం బల్ల మీద పెట్టి నమస్కారం చేసి బయటికొచ్చింది. దారిలో డ్రైవరు రెండుసార్లు ఏదో అనబోయాడు. ఆమె నడక వేగం పెంచింది.

తిరిగి ఇంటికి కూడా వెళ్ళలేదామె. వీధి మొదటి ఇంటినుంచి మొదలుపెట్టింది. తలుపు తట్టడం, జరిగింది చెప్పడం, "నన్ను నమ్మి ఇచ్చారు, క్షమించండి" అనడం. డ్రైవరు నాలుగడుగుల వెనక నిలబడ్డాడు. జనం ముక్కున వేలేసుకుంటారనుకున్నాడు. ఎవరూ వేసుకోలేదు.

"ఇలా అవుతుందని నాకు తెలుసమ్మా," అన్నాడు గడియారాల తాతయ్య, కంటికున్న భూతద్దం తీయకుండానే. "నేను ఆయన్ని చూసి ఇవ్వలేదు, నిన్ను చూసి ఇచ్చా. పోనీలే."

పాలబూతు ఆయన నవ్వేశాడు. "ఈసారి ఓటుకే వెళ్ళొద్దనుకుంటున్నా చెల్లీ. ఎండలో నిలబడే పనైనా తప్పుతుంది."

తిట్లు తింటానని గుండె చిక్కబట్టుకుని వెళ్ళిందామె. ఎవరికీ కోపమే రాకపోయేసరికి ఇంటింటికీ మొహం వాడిపోతూ వచ్చింది. కోపమొచ్చింది ఒక్క ఎదురింటి వదినకే, అదీ ఆమె మీద.

"ఇప్పుడా చెప్పేది? పది రోజుల ముందు?" అని వీధంతా వినపడేలా అరిచింది వదిన. "మొగుడు కంట్రాక్టరు కారు నడుపుతాడు, పెళ్ళాం మాస్టారుకి చందాలు పోగుచేస్తుంది. ఇప్పుడు తిరగబడి పాతాయనకి సాయం చేస్తున్నారా? రెండు వైపులా కుట్టు బాగానే వేశావమ్మా!"

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. వదిన ఆగలేదు.

"మొగుడి గురించి మీటింగులో ఎంత కళ్ళనీళ్ళు పెట్టించావ్! మా ఆయన ఎవరి కారు నడిపినా పరాయి సొమ్ము ముట్టడు, ఒక రోజు సీట్లో దొరికిన ఉంగరం రెండు ఊళ్ళు వెళ్ళి ఇచ్చొచ్చాడు, మంచివాళ్ళు చెడ్డచోట పనిచెయ్యక తప్పడం లేదు, అందుకే ఈ ఊరు మారాలీ అని... అంతా నాటకమేనా?"

డ్రైవరు నిలబడ్డచోటే నిలబడిపోయాడు. ఉంగరం సంగతి నిజమే. ఎనిమిదేళ్ళ కిందటి మాట. అతనే మరిచిపోయాడు. మాస్టారు చెప్పింది అబద్ధం కాదన్నమాట. ఆమె ముఖంలోని ఆ వెలుగును చూసి అతను కుళ్ళుకున్న ఆ నెలలన్నిటిలోనూ ఆమె వీధివీధినా మైకు పట్టుకుని చెప్పింది తన గురించి.

"ఆ కారు నడిపింది నేను వదినా," అన్నాడు గట్టిగా. "గురువారం మధ్యాహ్నం. ఇద్దర్నీ ఎక్కించుకుంది నేనే. ఎక్కడ అడిగినా చెబుతాను. ఆవిణ్ణి ఏమీ అనకండి."

వదిన అతన్ని ఎగాదిగా చూసి, "నువ్వు చెబితే నమ్మాలా?" అని తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం మైదానంలో మీటింగు బాగానే జరిగిందట. మిషనమ్మ బదులు ఇంకెవరో మాట్లాడారట. ఆమె ఇంట్లో కూర్చుని యూనిఫారాల గుండీలు కుట్టింది. బోర్డును తడిగుడ్డతో తుడిచేసింది.

మర్నాడు డ్రైవరు ఉద్యోగం పోతుందని సిద్ధపడే వెళ్ళాడు. కంట్రాక్టరు పేపరు చదువుతున్నాడు.

"నిన్న వీధిలో ఏదో చెప్పావట," అన్నాడు తల పైకెత్తకుండా.

"చెప్పానండి."

"చెప్పుకో. నువ్వు చెబితే ఎవడు నమ్ముతాడు? చెప్పకపోయినా అందరికీ తెలిసిందే కదా." పేజీ తిప్పాడు. "పన్నెండింటికి బయల్దేరాలి. టైరులో గాలి చూడు."

తిట్టి వెళ్ళగొట్టినా బాగుండేదనిపించింది డ్రైవరుకి. టైర్లలో గాలి చూశాడు. పన్నెండింటికి తీసుకెళ్ళి, తీసుకొచ్చాడు. సాయంత్రం తాళాలు బల్ల మీద పెట్టి, రేపటినుంచి రానన్నాడు. కంట్రాక్టరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "జీతం పెంచమంటావా?" అన్నాడు.

మాస్టారు గెలిచారు. నూట ఎనభై ఓట్ల తేడాతో. ఊళ్ళో సగం మంది కూడా ఓటుకి వెళ్ళలేదని, ఇంత తక్కువ ఎప్పుడూ లేదని పేపర్లో రాశారు. వంతెన మీద విచారణ సంఘం వేశారు. సంఘానికి గది కేటాయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోపు డ్రమ్ములకు కొత్తగా రంగు వేశారు.

డ్రైవరు బ్రెడ్డు కంపెనీ వ్యాను నడుపుతున్నాడు. జీతం తక్కువ, పని తెల్లారకముందే. ఇంట్లో మళ్ళీ మునుపటి నిశ్శబ్దం వచ్చింది. ఇప్పుడది ప్రశాంతత అని అతను అనుకోలేకపోయాడు. మాస్టారు పేరు ఆ ఇంట్లో వినపడడం లేదు. కోరుకున్నదే జరిగింది. ఒక్కోసారి భోజనం దగ్గర ఆమె ఏదో ఒకటి, ఆఖరికి ఆ మాస్టారు గురించైనా సరే, మాట్లాడితే బాగుండుననిపించేది.

ఆమె మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వంతెన టెండరు కాగితాలు చూపించమని మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టింది. సోమవారం సోమవారం వెళ్ళేది. వచ్చేవారం రమ్మనేవాళ్ళు. వచ్చేవారం వెళ్ళేది. ఒక సోమవారం చెప్పులేసుకుంటూ, "ఆ గురువారం కారులో జరిగిన సంగతి రాతపూర్వకంగా ఇవ్వమంటున్నారు. ఇస్తారా?" అంది. మూడు వారాల తర్వాత ఆమె అతనితో అన్న మొదటి పెద్ద వాక్యం అది.

ఇస్తానన్నాడు. వ్యాను పని ముగించుకుని ఆమెతో వెళ్ళాడు. ఆఫీసు వరండాలో పొడుగాటి బల్ల. అక్కడ ఆమె కోసం ఒక రిటైరైన ఇంజనీరు కాచుకుని ఉన్నాడు. ఎట్టకేలకు చేతికొచ్చిన వంతెన కాగితాల నకళ్ళు ఆయనే ఆమెకు చదివి వివరిస్తున్నాడట. నెరిసిన గడ్డం, మంచి గొంతు, ఇస్త్రీ చొక్కా. "రండి, రండి, మిషనమ్మగారూ! మీరన్నట్టే అయింది. వంతెనలో వేసిన ఇనపకమ్మీల లెక్క తప్పేనండీ!" అన్నాడు.

"చెప్పలేదూ నేను?" అంది ఆమె. గబగబా వెళ్ళి కాగితం మీదికి వంగింది. ఆ మొహంలో అదే వెలుగు.

డ్రైవరు బల్ల చివర కూర్చున్నాడు. అర్ధగంట సేపు ఇద్దరూ కమ్మీల గురించి, సిమెంటు పాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. అతను తన వాంగ్మూలం రాశాడు. తారీకు, టైము, చోటు, ఎవరెవరు, ఎవరేమన్నారు. కింద సంతకం పెట్టాడు. ఇంజనీరు కాఫీకి వెళ్ళాక కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఆమె మొత్తం చదివింది. "బాగా రాశారు," అంది.

"నాకు కుళ్ళుగా ఉంది," అన్నాడు డ్రైవరు.

"ఏంటీ?"

"ఆ గడ్డమాయన్ని చూస్తే కుళ్ళుగా ఉంది. మాస్టారుని చూసినా ఇలాగే ఉండేది. అందుకే ఆ రోజు నవ్వాను. ఊరి కోసం చెప్పలేదు నేను."

వరండాలో జనం అటూ ఇటూ తిరుగుతున్నారు. లోపల ఎవరో ఫైలు నంబరు అరిచారు. ఆమె చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతోంది.

"ఆయనకి డెబ్భై రెండండీ," అంది నవ్వు మధ్యలో.

"అయితే?"

ఆమె కళ్ళు తుడుచుకుని, నకళ్ళ కట్ట తీసుకొచ్చి అతని పక్కన కూర్చుంది. "ఇటు చూడండి, కమ్మీల లెక్క ఎలా తప్పో చెబుతాను," అంది. అతనికి సగం అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది.